"ఈట్ ఫాస్ట్ ఫాస్ట్" అనాలా, "ఈట్ అప్" అనాలా? భోజనం దగ్గర పిల్లలతో ఏ ఇంగ్లిష్ మాట ఎంచుకోవాలి

మా పాపకి రెండున్నరేళ్ళప్పుడు ఇంట్లో కొంచెం ఇంగ్లిష్ మొదలుపెడదాం అనుకుని నేను మొదట పట్టుకున్నది భోజనం టైమే, ఎందుకంటే అది రోజుకి మూడుసార్లు ఎలాగూ వస్తుంది, అవే గిన్నెలు అవే స్పూన్లు అవే గొడవలు, కాబట్టి అవే మాటలు మళ్ళీ మళ్ళీ దొర్లుతాయి. ప్లాన్ బాగానే ఉంది. మొదటిరోజు "డూ యూ వాంట్ టు ఈట్ నౌ?" అని చాలా స్టైల్‌గా అడిగాను. "నో" అని చెప్పి బొమ్మల దగ్గరికి వెళ్ళిపోయింది. గ్రామర్‌లో తప్పు లేదు, పలకడం కూడా పర్లేదు, కానీ ఆ టైముకి ఆ వాక్యం పనికిరాదు, అంతే.

ఈ వాక్యాల లిస్టులు ఎక్కడ వెతికినా కుప్పలుగా దొరుకుతాయి. చిక్కేంటంటే ఒకే సందర్భానికి నాలుగైదు దొరుకుతాయి, అన్నీ కరెక్టే అంటారు, ఏది నోటికి అలవాటు చేసుకోవాలో మాత్రం ఎవరూ చెప్పరు. అందుకే నేను వాడి చూసి, కొన్ని వదిలేసి, కొన్ని ఉంచుకున్న లెక్కలో రాస్తున్నా.

## ముందు ఏం చూసుకోవాలి

అన్నిటికన్నా ముందు నేను చూసేది ఆ మాటకి పిల్ల ఏం జవాబు చెప్తుందనేది. ప్రశ్న అడిగామంటే "నో" అనే హక్కు మనమే చేతిలో పెట్టినట్టు. నిజంగా వాళ్ళిష్టం అయిన చోట ప్రశ్న అడగాలి, వాళ్ళిష్టం కాని చోట మామూలుగా చెప్పేయాలి. ఇది తెలుగులో మనకి ఆటోమేటిక్‌గా వస్తుంది, "రా, అన్నం తిందాం" అంటాం, "నీకు ఇప్పుడు తినాలని ఉందా" అని ఎవరం అడగం కదా. ఇంగ్లిష్‌లోకి రాగానే మర్యాదగా ఉండాలనుకుని అన్నీ ప్రశ్నలు చేసేస్తాం.

రెండోది, అదే మాట వాళ్ళు తిరిగి ఎవరితోనైనా అంటే ఎలా ఉంటుంది. మా పాప ఒకరోజు అమ్మమ్మ వైపు వేలు చూపించి "ఫినిష్ యువర్ ఫుడ్!" అంది. అమ్మమ్మకి ఇంగ్లిష్ రాకపోయినా ఆ గొంతు ఎవరిదో బాగా అర్థమైంది, నా వైపు ఒక చూపు చూసింది. పిల్లలు మాటని, గొంతుని కలిపి ఎత్తుకుపోతారు.

మూడోది పొడవు. ఒక చేతిలో గరిటె, ఇంకో చేతిలో గ్లాసు, కింద ఒలికిన పాలు, అప్పుడు తొమ్మిది పదాల వాక్యం ఎవరికి గుర్తొస్తుంది. నాలుగు పదాల్లోపు ఉంటేనే రోజూ వాడతాం.

ఇంగ్లిష్ ఇళ్ళల్లో నిజంగా అలా అంటారా, లేక మన తెలుగు వాక్యానికి ఇంగ్లిష్ చొక్కా తొడిగామా అన్నది నాలుగోది. చాలామంది దీన్నే మొదట చూస్తారు, నేను కావాలనే చివర పెట్టా. "సిట్ ప్రాపర్లీ" అంటే కొంపలేం మునగవు, "సిట్ నైస్‌లీ" అని బ్రిటిష్ అమ్మలా అనకపోయినా పిల్ల కూర్చుంటుంది. కానీ చిన్నప్పుడు చెవిన పడ్డది అలాగే ఉండిపోతుంది కాబట్టి, రెండూ తెలిసినప్పుడు సహజమైనదే తీసుకుంటే పోలా.

## పిలిచేటప్పుడు

"డిన్నర్స్ రెడీ!", "ఇట్స్ టైమ్ టు ఈట్", "కమ్ అండ్ ఈట్", "లెట్స్ ఈట్". ఈ నాలుగూ సహజమే, నాలుగూ చిన్నవే. వీటిలో "డిన్నర్స్ రెడీ" నా ఫేవరెట్, ఎందుకంటే అందులో ఆర్డర్ లేదు, ప్రశ్న లేదు, వార్త మాత్రమే ఉంది, దానికి "నో" అని చెప్పడం కుదరదు. పక్క గదిలోంచి అరవడానికి కూడా బాగుంటుంది. "కమ్ అండ్ ఈట్" కొంచెం ఆర్డర్‌లా ఉంటుంది కానీ పక్కనే ఉన్న పిల్లకి నవ్వుతూ చెప్తే ఏం కాదు. ఆటలో మునిగిపోయిన పిల్లకైతే ఏదీ ఒక్కసారికి పనిచెయ్యదు, "ఫైవ్ మోర్ మినిట్స్, దెన్ డిన్నర్" అని ముందే ఒకసారి చెవిలో వేసి ఉంచాలి.

వదిలేయాల్సింది ఒకటుంది, చివర్లో తగిలించే "ఓకే?". "ఇట్స్ టైమ్ టు ఈట్, ఓకే?" అన్నామంటే చక్కగా చెప్పిన వార్తని మళ్ళీ మనమే ప్రశ్న చేసేశాం. మన తెలుగులో చివర "సరేనా" అంటాం చూడండి, అదే ఇక్కడ దూరిపోతుంది, మానుకోవడానికి నాకు చాలా టైమే పట్టింది.

అన్నట్టు బ్రిటన్‌లో, ముఖ్యంగా ఉత్తర ఇంగ్లండ్‌లో, "టీస్ రెడీ" అని పిలిస్తే కప్పు టీ కోసం వెళ్ళకండి, సాయంత్రం భోజనాన్నే అక్కడ చాలా ఇళ్ళల్లో టీ అంటారు.

## వడ్డించేటప్పుడు

ఇక్కడే మన తెలుగు ఎక్కువ బయటపడుతుంది. "పెట్టనా?" అనేది మనకి ఎంత అలవాటంటే "షల్ ఐ పుట్ రైస్?" అని వచ్చేస్తుంది. వాళ్ళ లెక్కలో ప్రశ్న పెట్టేవాళ్ళ గురించి ఉండదు, తినేవాళ్ళకి కావాలా అన్నదాని గురించి ఉంటుంది, అందుకే "వుడ్ యూ లైక్ సమ్ రైస్?" అంటారు. రోజువారీగా, ఇంట్లోవాళ్ళ మధ్య అయితే "డూ యూ వాంట్ సమ్ రైస్?" చాలు, ఇంకా చెప్పాలంటే గిన్నె చూపించి "రైస్?" అన్నా చాలు, ఎవరూ మర్యాద తక్కువ అనుకోరు.

మరి మూడిట్లో ఏది? పిల్ల ఏ రూపం వింటుందో అదే బయట వాడుతుంది, అందుకని ఐదేళ్ళు దాటాక "వుడ్ యూ లైక్" వైపు జరగడం మంచిదని నా అభిప్రాయం. అంతకన్నా చిన్నపిల్లలకి మాత్రం అసలు "కావాలా" అని అడగడం కన్నా రెండు చూపించి "రైస్ ఆర్ బ్రెడ్?" అనడం మేలు. దానికి జవాబు చెప్పాలంటే ఒక పదం నోటితో అనాల్సిందే, "యెస్" అని తల ఊపితే సరిపోదు. భాష నేర్పించాలన్నదే మన ఉద్దేశమైతే ఈ ఒక్క మార్పు చాలా పనిచేస్తుంది. దీంట్లో ఇబ్బంది కూడా ఉంది, రెండూ నిజంగా ఇవ్వగలిగేవే అయ్యుండాలి, లేదంటే లేనిదాన్నే కోరుకుంటారు, గ్యారంటీ.

నీళ్ళో పాలో పోసేటప్పుడు "సే వెన్" అని ఒకటుంది, ఎక్కడిదాకా పోయాలో నువ్వే చెప్పు అని అర్థం, పిల్లలు "వెన్!" అని అరుస్తారు. భోజనం దగ్గర మాటలన్నిట్లో మా ఇంట్లో మొదట హిట్టయింది ఇదే. ఇప్పుడు నాకు పోసేటప్పుడు అదే అంటుంది, నేను ఫోన్ చూస్తూ "వెన్" అనడం మర్చిపోతే గ్లాసు పొంగేదాకా పోస్తుంది, రూలు రూలే మరి.

| మన నోట్లో ఉన్న తెలుగు | ఇంగ్లిష్ చొక్కా తొడిగిన వాక్యం | సహజంగా అనేది | పిల్లకి నేర్పే జవాబు |
|---|---|---|---|
| పెట్టనా? | షల్ ఐ పుట్? | వుడ్ యూ లైక్ సమ్? | యెస్, ప్లీజ్ |
| ఇంకొంచెం? | స్టిల్ లిటిల్? | సమ్ మోర్? | జస్ట్ ఎ లిటిల్ |
| చాలా? | ఇనఫ్ ఆ? | ఈజ్ దట్ ఇనఫ్? | దట్స్ ఇనఫ్, థ్యాంక్ యూ |
| కడుపు నిండిందా? | ఈజ్ యువర్ స్టమక్ ఫుల్? | ఆర్ యూ ఫుల్? | ఐ యామ్ ఫుల్ |
| ఊదుకుని తిను | బ్లో అండ్ ఈట్ | బ్లో ఆన్ ఇట్ ఫస్ట్ | ఇట్స్ టూ హాట్ |
| నోరు మూసుకుని నములు | క్లోజ్ యువర్ మౌత్ అండ్ ఈట్ | చ్యూ విత్ యువర్ మౌత్ క్లోజ్డ్ | జవాబు వద్దు, నోరు మూస్తే చాలు |
| తొందరగా తొందరగా తిను | ఈట్ ఫాస్ట్ ఫాస్ట్ | కమ్ ఆన్, ఈట్ అప్ | ఆల్మోస్ట్ డన్ |

"హాట్" గురించి ఒక మాట. ఇంగ్లిష్‌లో వేడికీ, కారానికీ రెండిటికీ హాట్ అంటారు. పెద్దవాళ్ళకి సందర్భాన్ని బట్టి తెలుస్తుంది, చిన్నపిల్లకి తెలీదు, కారంగా ఉన్నదాన్ని కూడా పాపం ఊదుకుంటూ కూర్చుంటుంది. వేడికి "హాట్", కారానికి "స్పైసీ" అని ఇంట్లో విడగొట్టి పెట్టుకోండి, గొడవ ఉండదు.

ఇంకోటి, ఈట్ వాడాలా డ్రింక్ వాడాలా అనే డౌట్. గిన్నెలో స్పూన్‌తో తీసుకునే సూప్‌ని "ఈట్" అంటారు, కప్పుతో తాగేస్తే "డ్రింక్" అనొచ్చు, మందుకైతే "టేక్". ఇవన్నీ గుర్తుపెట్టుకోవడం కష్టం అనుకుంటే తినేవాటికీ తాగేవాటికీ "హ్యావ్" వాడెయ్యండి, "హ్యావ్ సమ్ సూప్", "హ్యావ్ సమ్ మిల్క్", "హ్యావ్ యువర్ బ్రేక్‌ఫస్ట్", ఎక్కడా తప్పు పోదు.

## తిననని మొండికేస్తే

అసలు యుద్ధం ఇక్కడే కాబట్టి దీని మీద కొంచెం ఎక్కువ రాస్తా. ఇక్కడ అందరికీ నోటికొచ్చే ఎంపికలు నాలుగు.

"ఫినిష్ ఎవ్రీథింగ్ ఆన్ యువర్ ప్లేట్." దీనికి అమెరికాలో పెద్ద చరిత్రే ఉంది. మొదటి ప్రపంచయుద్ధం టైములో, 1917లో, తిండి వృథా చెయ్యొద్దని హెర్బర్ట్ హూవర్ నడిపిన ఫుడ్ అడ్మినిస్ట్రేషన్ అనే ప్రభుత్వ సంస్థ జనాల చేత మాట తీసుకుంది, మళ్ళీ 1947లో ట్రూమన్ ప్రెసిడెంట్‌గా ఉన్నప్పుడు స్కూళ్ళల్లో క్లీన్ ప్లేట్ క్లబ్బులు పెట్టారు. అందుకే ఇప్పటికీ ప్లేటు ఖాళీ చేసిన పిల్లని "యూ ఆర్ ఇన్ ద క్లీన్ ప్లేట్ క్లబ్!" అని మెచ్చుకోవడం అక్కడ వినిపిస్తుంది. మాటగా సహజమే. కానీ పనిచేస్తుందా అంటే, 2006లో అమెరికాలో చిన్నపిల్లల మీద ఒక ప్రయోగం చేశారు, సూప్ ఇచ్చి కొన్నిసార్లు "ఫినిష్ యువర్ సూప్, ప్లీజ్" అని వెంటబడ్డారు, కొన్నిసార్లు ఏమీ అనకుండా వదిలేశారు. ఏమీ అననప్పుడే పిల్లలు ఎక్కువ తిన్నారు, వెంటబడ్డప్పుడు ఆ సూప్ గురించి చిరాకు మాటలు ఎక్కువ అన్నారు. అంటే మనం రోజూ వాడే వాక్యం అచ్చంగా అదే, ఫలితం మాత్రం ఉల్టా.

"ఇఫ్ యూ ఈట్ యువర్ క్యారెట్స్, యూ కెన్ హ్యావ్ ఐస్‌క్రీమ్." ఇఫ్ వాక్యాలు నేర్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు, ఆ లెక్కన మార్కులు వెయ్యాలి. ఆ పూటకి పని కూడా జరిగిపోతుంది. కానీ బహుమతి ఆశ చూపించి తాగించిన డ్రింక్ మీద పిల్లలకి తర్వాత ఇష్టం తగ్గిందని లియాన్ బర్చ్ అనే పరిశోధకురాలి బృందం 1984లోనే చూపించింది. పిల్ల లెక్క సింపుల్, లంచం ఇచ్చి తినిపిస్తున్నారంటే అది బాగోని వస్తువే అయ్యుంటుంది. పైగా ఈ వాక్యం వాళ్ళు చాలా త్వరగా నేర్చుకుని మన మీదే వాడతారు, "ఇఫ్ యూ గివ్ మీ ద ఫోన్, ఐ విల్ ఈట్" అని.

"జస్ట్ వన్ మోర్ బైట్." చిన్నది, సహజం, ముద్దుగా ఉంటుంది. తేడా ఎక్కడ వస్తుందంటే ఆ వన్ ఎప్పుడూ వన్ కాదు, మూడు నాలుగు అవుతుంది, పిల్లకి అంకెల మీదా మన మీదా రెండిటి మీదా నమ్మకం పోతుంది. అంటే ఒక్కటే అనండి, నిజంగా ఒక్కటితోనే ఆపెయ్యండి. కొత్త వస్తువైతే దీనికన్నా "ట్రై ఎ లిటిల్ బిట్" బాగుంటుంది, అందులో ముగించాలన్న తొందర ఉండదు.

"యూ డోంట్ హ్యావ్ టు ఈట్ ఇట్." మొదటిసారి విన్నప్పుడు నాకూ భయమేసింది, నిజంగానే తినకపోతే ఎలా అని. ఎలిన్ సాటర్ అనే అమెరికన్ డైటీషియన్ చెప్పిన పద్ధతి ఒకటుంది, ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ పెట్టాలి అనేది పెద్దవాళ్ళ పని, తినాలా వద్దా, ఎంత తినాలి అనేది పిల్లల పని అని. ఈ వాక్యం ఆ పద్ధతికి నోరు లాంటిది. కొత్త రుచి అలవాటవ్వాలంటే చాలాసార్లు ప్లేటులో కనిపించాలి, ఒక్కోసారి పదిసార్లు కూడా దాటుతుంది, కాబట్టి ఒక పూట గెలవడం కన్నా రేపు మళ్ళీ గొడవ లేకుండా పెట్టగలగడం ముఖ్యం అని ఇప్పుడు నేననుకుంటున్నా. బరువు పెరగట్లేదనో, ఇంకేదైనా సమస్యకనో డాక్టర్ చూస్తున్న పిల్లలైతే మాత్రం ఆ డాక్టర్ చెప్పినట్టే నడవండి, ఇక్కడి మాటలు పక్కన పెట్టండి.

మరి నాలుగిట్లో ఏది అంటే, రోజువారీకి "ట్రై ఎ లిటిల్ బిట్", దానికీ వద్దంటే "ఓకే, యూ డోంట్ హ్యావ్ టు". మిగతావి పండక్కో పబ్బానికో వచ్చేస్తాయి, మనం దేవుళ్ళం కాదుగా.

పిల్ల వైపు నుంచి కూడా ఒక ఎంపిక ఉంది. వద్దనుకుంటే "యక్!" అంటారు, అది వండినవాళ్ళకి ఎక్కడో కాలుతుంది. దాని బదులు "నో, థ్యాంక్ యూ" నేర్పొచ్చు, కొంచెం పెద్దయ్యాక "ఐ డోంట్ లైక్ ఇట్ యెట్" నేర్పొచ్చు, ఆ చివరి యెట్‌లో రేపటికి కొంచెం తలుపు తెరిచి ఉంటుంది. అమెరికాలో చిన్నపిల్లల బడుల్లో "డోంట్ యక్ మై యమ్" అని ఒక మాట నడుస్తుంది, నాకిష్టమైంది నువ్వు ఛీ అనకు అని, పిల్లలకి ఒక్కరోజులో ఎక్కేస్తుంది. "యూ గెట్ వాట్ యూ గెట్ అండ్ యూ డోంట్ గెట్ అప్‌సెట్" అనే ఇంకోటి కూడా నడుస్తుంది, ప్రాస బాగుంది గానీ నాకెందుకో అది నోరు నొక్కినట్టు అనిపిస్తుంది, వాడను.

## మెతకగా అడగకూడని చోటు

గొంతులో అడ్డం పడే ప్రమాదం ఉన్న చోట ప్రశ్నలూ బతిమాలడాలూ వద్దు. నాలుగేళ్ళలోపు పిల్లలకి ఇది మరీ ముఖ్యం. "సిట్ డౌన్ వైల్ యూ ఈట్", "స్మాల్ బైట్స్", "స్లో డౌన్", "చ్యూ ఇట్ వెల్" ఇవన్నీ ఆర్డర్లే, ఆర్డర్లుగానే చెప్పాలి. "కెన్ యూ ప్లీజ్ సిట్ డౌన్ వైల్ యూ ఆర్ ఈటింగ్, స్వీటీ?" అని మొదలుపెట్టి ముగించేలోపు పరిగెత్తే పిల్ల ఇంకో గదిలో ఉంటుంది. "డోంట్ రన్" కన్నా "సిట్ డౌన్" మేలు, చెయ్యకూడనిది చెప్తే చెయ్యాల్సింది వాళ్ళే వెతుక్కోవాలి.

ఒలకబోస్తే మాత్రం దీనికి పూర్తిగా ఉల్టా. "వాట్ డిడ్ యూ డూ!" అని అరవడం ఇంగ్లిష్‌లో కూడా అరవడమే. "ఊప్స్! లెట్స్ వైప్ ఇట్ అప్" అంటే అయిపోతుంది.

## ప్లీజ్ చెప్పించడం, లేవనివ్వడం

"సే ప్లీజ్", "వాట్స్ ద మ్యాజిక్ వర్డ్?", "వాట్ డూ యూ సే?" మూడూ ఇళ్ళల్లో బాగా వినపడేవే. మొదటిది రెండేళ్ళ పిల్లకి, ఎందుకంటే జవాబు అందులోనే ఉంది. మ్యాజిక్ వర్డ్ మూడు నాలుగేళ్ళకి సరదాగా ఉంటుంది, ఆరేళ్ళ పిల్లకి అదే చిరాకు. "వాట్ డూ యూ సే?" ఎవరైనా ఏదైనా ఇచ్చినప్పుడు థ్యాంక్ యూ కోసం వాడతారు, కానీ నలుగురిలో అడిగితే పిల్ల సిగ్గుపడి అసలు నోరే విప్పదు. "గివ్ సాల్ట్" బదులు "పాస్ ద సాల్ట్, ప్లీజ్" అని మనం మనం అనుకుంటుంటే సగం పని దానంతటదే అవుతుంది.

అయిపోయిందా అని అడగడానికి చిన్నపిల్లకి "ఆల్ డన్?", పెద్దపిల్లకి "ఆర్ యూ డన్?" లేదా "ఆర్ యూ ఫినిష్డ్?". లేవడానికి పర్మిషన్ అడగడం నేర్పాలనుకుంటే అమెరికన్ పద్ధతిలో "మే ఐ బి ఎక్స్‌క్యూజ్డ్?", బ్రిటిష్ ఇళ్ళల్లో "మే ఐ గెట్ డౌన్?". రెండూ కొంచెం పాతకాలం పద్ధతిగా వినిపిస్తాయి, "కెన్ ఐ గో నౌ?" తో చాలా ఇళ్ళు నడిచిపోతున్నాయి. ఇక్కడే ఒక చిన్న గోతి ఉంది, "క్లీన్ యువర్ ప్లేట్" అంటే మొత్తం తినెయ్యమని, "క్లియర్ యువర్ ప్లేట్" అంటే అమెరికాలో ప్లేటు తీసి సింకులో పెట్టమని, బ్రిటన్‌లో అదే మాటకి మొత్తం తినెయ్యమని అర్థం వస్తుంది. నేనైతే "టేక్ యువర్ ప్లేట్ టు ద సింక్" అని విడమర్చి చెప్పేస్తా. మొదలుపెట్టమనడానికి అమెరికన్లు "డిగ్ ఇన్", బ్రిటిష్‌వాళ్ళు "టక్ ఇన్" అంటారు, ఏదైనా ఒకటి పట్టుకోండి, రెండూ అర్థమవుతాయి.

## ఎవరికి ఏది

రెండేళ్ళలోపు పిల్ల ఉంటే వాక్యాల జోలికే పోకండి. "ఓపెన్ వైడ్", "మోర్?", "యమ్", "ఆల్ డన్" ఈ నాలుగు చాలు, రోజూ అదే గొంతుతో.

మూడు నుంచి ఐదు మధ్య అయితే "దిస్ ఆర్ దట్?" రకం ఎంపికల మీద పెట్టండి. ఐదు దాటితే "వుడ్ యూ లైక్", "కుడ్ యూ పాస్", ఇంకా తిన్నదాని గురించి మాట్లాడించే "ఈజ్ ఇట్ క్రంచీ ఆర్ సాఫ్ట్?" లాంటివి. ఈ చివరిది నాకు బాగా నచ్చుతుంది, బాగుందా అని అడిగితే ఒక్క ముక్కలో తేల్చేస్తారు, కరకరలాడుతుందా అని అడిగితే నమిలి చూసి చెప్పాలి.

మీకే ఇంగ్లిష్‌లో ధైర్యం తక్కువైతే ఇరవై వాక్యాలు పెట్టుకోవద్దు. ఐదు, ఒక్క పూటకి, ఉదాహరణకి పొద్దున టిఫిన్ టైముకి మాత్రమే. మధ్యాహ్నం, రాత్రి హాయిగా తెలుగు. అమ్మమ్మ తాతయ్య తినిపించే పూటకి వాళ్ళ తెలుగే ఉండనివ్వండి, వాళ్ళ చేత కూడా "ఈట్, ఈట్" అనిపించి ఏం లాభం.

"వాటర్ డ్రింక్ చెయ్యి, హ్యాండ్స్ వాష్ చేసుకో" పద్ధతి మాత్రం నేను ఎవరికీ చెప్పను. మనందరం అలాగే మాట్లాడతాం, నేనూ అంతే, తప్పని కాదు, కానీ దాన్నుంచి పిల్లకి ఇంగ్లిష్ వాక్యం రాదు, తెలుగు క్రియాపదాలు మాత్రం పోతాయి. "చేతులు కడుక్కో" అనండి, లేదా "వాష్ యువర్ హ్యాండ్స్" అనండి, రెండిట్లో ఏదో ఒకటి పూర్తిగా.

ఇంక అన్నీ అర్థమవుతున్నా జవాబు మాత్రం తెలుగులోనే చెప్పే పిల్లలు ఉంటారు, చాలామంది ఇదే అడుగుతారు. "ఇంగ్లిష్‌లో చెప్పు" అనకండి, తిండి దగ్గర పరీక్ష పెట్టినట్టుంటుంది. "నాకు కడుపు నిండింది" అంటే "ఓ, యూ ఆర్ ఫుల్? ఓకే" అని తిరిగి వాళ్ళ మాటనే ఇంగ్లిష్‌లో చెప్పి ప్లేటు తీసెయ్యండి.